ఔటర్ రింగులో పట్టే దేశం

హైదరాబాద్ చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. ఆ గీత లోపలి నేలంతా కలిపితే దాదాపు 2,050 చదరపు కిలోమీటర్లు. మారిషస్ దేశం మొత్తం, ఎక్కడో దూరాన ఉన్న దీవులతో సహా, 2,040. అంటే పటాన్‌చెరు నుంచి ఘట్‌కేసర్ దాకా, మేడ్చల్ నుంచి శంషాబాద్ దాకా ఉన్న నేలలో ఒక పార్లమెంటు, ఒక రిజర్వు బ్యాంకు, రెండు ప్రపంచ వారసత్వ స్థలాలు, నేషనల్ పార్కులు, మిగిలిన చోటల్లా చెరకు తోటలు సర్దుకున్నాయన్నమాట. ఆ దేశానికీ ఒక రింగు ఉంది. ద్వీపాన్ని చుట్టుకున్న పగడపు దిబ్బ పొడవు సుమారు 150 కిలోమీటర్లు. మన రింగు మీద లారీల హోరు, వాళ్ల రింగు మీద అలల హోరు.

టూర్ ప్యాకేజీలు అమ్మేది ఆ రింగునే. దిబ్బకూ తీరానికీ మధ్య సముద్రం మోకాటిలోతు మడుగులా నిలిచిపోయి లేత నీలంగా మెరుస్తుంది. హనీమూన్ ఫొటోల్లో కనిపించేది అదే. దేశ జనాభా పన్నెండున్నర లక్షలైతే 2024లో వచ్చిన పర్యాటకులు 13 లక్షలు దాటారు. ఇంటివాళ్ల కంటే చుట్టాలే ఎక్కువ. ఆ చుట్టాల్లో చాలామంది వారం రోజులూ నీళ్ల ఒడ్డునే పడక కుర్చీల్లో గడిపి వెళ్లిపోతారు. తప్పేం లేదు, డబ్బు వాళ్లది. కానీ సముద్రానికి వీపు తిప్పి రెండు రోజులు లోపలికి నడిస్తే కనిపించే దేశం వేరు. దాన్ని అర్థం చేసుకోవడానికి కొన్ని అంకెలు చేతిలో ఉంటే చాలు. అవన్నీ చిన్న అంకెలే.

ముందుగా కొలతలు. ప్రధాన ద్వీపం ఉత్తర దక్షిణాలుగా 65 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 45. మడగాస్కర్‌కు తూర్పున 800 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దీనికి అనుబంధమైన రోడ్రిగ్స్ ఇంకో 600 కిలోమీటర్లు తూర్పుకు వెళ్లాక వచ్చే 108 చదరపు కిలోమీటర్ల దీవి. దానికి విమానం మళ్లీ వేరే ఎక్కాలి కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లు మానుకోవడమే మేలు. ఈ నేలంతా దాదాపు 80 లక్షల ఏళ్ల కిందట సముద్రం అడుగు నుంచి ఎగదన్నుకొచ్చిన అగ్నిపర్వతం చలవ. అందుకే ఎక్కడ చూసినా నల్లరాయి. చెరకు చేలల మధ్య ఆ రాళ్ల గుట్టలు పిరమిడ్లలా పేర్చి ఉంటాయి. వాటిని పేర్చిందెవరో తర్వాత చెప్పుకుందాం.

అన్నిటికంటే ఎత్తైన శిఖరం నల్లనది కొండ, 828 మీటర్లు. రాజధాని పోర్ట్ లూయీ వెనక నిలబడ్డ పీటర్ బాత్ 820, దాని పక్కన బొటనవేలులా పొడుచుకొచ్చిన లె పూస్ 812. ఫ్రెంచిలో ఆ పేరుకు అర్థం కూడా బొటనవేలే. 1836 మేలో చార్లెస్ డార్విన్ తన ప్రపంచయాత్ర తిరుగు దారిలో ఇక్కడ ఆగి ఈ బొటనవేలు ఎక్కాడు. ఇప్పటికీ ఓ మోస్తరు ఓపిక ఉన్నవాళ్లు ఉదయం బయల్దేరి మధ్యాహ్నానికి దిగి రావచ్చు.

ఎనిమిది వందల మీటర్లంటే మనకు కొండే కాదనిపించవచ్చు. కానీ మేఘాలకు అదే చాలు. ఆగ్నేయం నుంచి వీచే గాలులు ఈ మిట్టకు తగిలి అక్కడే బరువు దించుకుంటాయి. నడిమి పీఠభూమిలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అటు పడమటి తీరంలో 900 మాత్రమే, ఇంచుమించు హైదరాబాద్ లెక్క. మధ్య దూరం పాతిక, ముప్ఫై కిలోమీటర్లు. పొద్దున తీరంలో చెమటలు కక్కినవాడు గంటలో క్యూర్‌పిప్ ఊరు చేరి స్వెట్టర్ కోసం వెతుక్కుంటాడు. ఆ ఊరి నడిబొడ్డునే ట్రూ ఓ సెర్ఫ్ అనే చల్లారిన అగ్నిబిలం ఉంది. గిన్నెలాంటి ఆ గుంట నిండా ఇప్పుడు చెట్లు, అడుగున కాసిని నీళ్లు. అంచు మీద పొద్దున్నే ట్రాక్‌సూట్లలో వాకింగ్ చేసే ఉద్యోగస్తులు.

ఇంకో బిలంలో దేవుడు వెలిశాడు. దక్షిణాన, 550 మీటర్ల ఎత్తున ఉన్న గ్రాన్ బాసాన్ సరస్సు ఇది. ఇక్కడి నీళ్లు గంగలో కలుస్తున్నాయని 1897లో ఒక పూజారికి కల వచ్చిందట. మరుసటి ఏడాది కొద్దిమంది కాలినడకన వెళ్లి ఆ నీళ్లు తెచ్చి శివరాత్రి అభిషేకం చేశారు. 1972లో నిజంగానే గంగాజలం తెచ్చి ఇందులో కలిపాక పేరు గంగా తలావ్ అయింది. ఇప్పుడు మహాశివరాత్రికి లక్షల మంది ద్వీపం నలుమూలల నుంచీ కావళ్లు భుజాన వేసుకుని నడిచి వస్తారు. ఒడ్డున 2007లో నిలబెట్టిన శివుడి ఎత్తు 108 అడుగులు. శిల్పంగా ఆ విగ్రహం నన్నేమీ కదిలించదు. కాంక్రీటు, రంగు, అంతే. ఆ దారి పొడవునా నడిచేవాళ్ల కోసం పళ్లరసాలు, ఉప్మా, అరటిపళ్లు పెట్టుకుని నిలబడే కుటుంబాలే అక్కడ చూడాల్సిన దృశ్యం. ఈ ఒక్క కారణానికి శివరాత్రి వారంలో వెళ్లమని చెప్పాలనిపిస్తుంది. అయితే అది తుపాన్ల కాలం కూడా. జనవరి నుంచి మార్చి దాకా ఆ భయం ఉంటుంది. ఋతువులు మనకు తలకిందులు కాబట్టి మే నుంచి అక్టోబరు దాకా చలికాలం, తిరగడానికి హాయి.

అంకెలను నమ్మడంలో కొంచెం జాగ్రత్త కూడా అవసరం. నైరుతి మూలనున్న షామరెల్ జలపాతం ఎత్తు ఒక చోట 83 మీటర్లని, మరో చోట 100 మీటర్లని రాసి ఉంటుంది. చూసేవాడికి తేడా తెలియదనే ధైర్యం కాబోలు. దాని పక్కనే ‘ఏడు రంగుల నేల’. బసాల్టు రాయి వేల ఏళ్లు వానకు నాని మట్టయ్యాక ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల పాళ్లను బట్టి ఎరుపు, ఊదా, గోధుమ, పసుపు చారలుగా తేలింది. నిజాయితీగా లెక్కపెడితే నాలుగైదు రంగులు దాటవు. పొద్దు వాలే వేళకు వెళ్తే మాత్రం ఆ ఏడూ ఉన్నాయని ఒప్పుకోబుద్ధవుతుంది. ఇక ‘సముద్రం అడుగున జలపాతం’ అని ఇంటర్నెట్‌లో తిరిగే ఫొటో కూడా ఈ మూలదే. అక్కడ జలపాతమేమీ లేదు. లోతులేని అరుగు అంచు నుంచి ఇసుక అగాధంలోకి జారుతుంటే పైనుంచి చూసే కంటికి నీరు దూకుతున్నట్టుంటుంది. హెలికాప్టర్ ఎక్కనివాడికి అది కనిపించనే కనిపించదు.

ఇప్పుడొక విషాదపు అంకె: 64. డచ్చివాళ్లు 1598లో ఇక్కడ దిగి, తమ రాకుమారుడు మారిస్ పేరు ఈ ద్వీపానికి పెట్టారు. ఎగరలేని, మనిషిని చూసి బెదరని డోడో పక్షిని లోకానికి చెప్పిందీ వాళ్లే. ఆ పక్షి బతికుండగా చూశామన్న నమ్మదగిన చివరి సాక్ష్యం 1662 నాటిది. మధ్యలో ఉన్నవి 64 ఏళ్లు. ఓడల్లోంచి దిగిన ఎలుకలు, పందులు, కోతులు నేల మీద పెట్టిన గుడ్లను మిగల్చలేదు. డచ్చివాళ్లు నల్లచేవ చెట్లు నరికి, జావా నుంచి 1639లో చెరకు తెచ్చి నాటి, 1710లో మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. డోడో పోయింది, చెరకు ఉండిపోయింది. 1865లో ఆ పక్షి ఎముకలు కుప్పలుగా దొరికిన మార్ ఓ సోంజ్ అనే బురద గుంట నేటి విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉంది. మనం దిగేదే ఆ శ్మశానం పక్కన.

కానీ ఇదే ద్వీపంలో ఇంకో అంకె ఉంది: 4. మారిషస్ డేగ అనే చిన్న వేటపక్షి 1974 నాటికి ప్రకృతిలో నాలుగంటే నాలుగు మిగిలింది. అడవులు పోవడం ఒక కారణం, మలేరియా దోమల మీద కొట్టిన డీడీటీ ఇంకో కారణం. ఆ మందు తిన్న పురుగుల్ని తిన్న బల్లుల్ని తిన్న డేగ గుడ్ల పెంకు పలచబడి చితికిపోయేది. 1979లో కార్ల్ జోన్స్ అనే వేల్స్ దేశపు కుర్ర శాస్త్రవేత్త వచ్చాడు. గూళ్లలోంచి గుడ్లు తీసి యంత్రాల్లో పొదిగించాడు. గుడ్లు పోయిన తల్లి మళ్లీ గుడ్లు పెట్టేది. అలా ఒక్కో జంటతో రెట్టింపు సంసారం చేయించి వాటిని వందల్లోకి తెచ్చాడు. 1990 ప్రాంతంలో పదికి పడిపోయిన గులాబీ పావురాలూ అలాగే కోలుకున్నాయి. వీటిని చూడాలంటే 1994లో నేషనల్ పార్కు చేసిన నల్లనది లోయల్లో నడవాలి. 67 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో ఓపికగా నిలబడితే పావురం తప్పకుండా కనబడుతుంది, డేగ అదృష్టం. ఓపిక లేనివాళ్లకు ఆగ్నేయ తీరంలో 26 హెక్టార్ల ఎగ్రెట్ దీవి ఉంది. మనుషులు రాకముందు తీరపు అడవి ఎలా ఉండేదో అలా తిరిగి పెంచుతున్నారు అక్కడ. పడవలో తీసుకెళ్లి గైడు వెంటబెట్టి చూపిస్తారు. నన్నడిగితే ఏ బీచినైనా వదులుకుని దీన్ని చూడాలి.

డచ్చి వాళ్లు ఖాళీ చేసిన ఇంట్లో 1715లో ఫ్రెంచివాళ్లు దిగారు. 1735లో గవర్నరుగా వచ్చిన మాహే ద లా బూర్డొనే పోర్ట్ లూయీని ఊరుగా కట్టాడు. రేవు ఎదుట రాజతాళ వృక్షాల వరుస మొదట్లో అతని విగ్రహం ఉంది. ఫొటో దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో గాని, 1746లో ఇక్కడి నుంచి ఓడలు తీసుకుని వచ్చి ఇంగ్లీషువాళ్ల చేతిలోంచి మద్రాసును లాక్కున్నది ఇతనే. గెలిచిన ఆ ఊరిని ఏం చేయాలన్న దానిపై పాండిచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లేతో తగవు వచ్చి చివరికి పారిస్‌లోని బాస్తీ జైల్లో పడ్డాడు. మన చిన్నప్పటి చరిత్ర పాఠంలో కర్ణాటక యుద్ధాలనే మాట వెనక ఈ రేవు ఉందని అక్కడికి వెళ్తే గాని తట్టదు.

అతని తర్వాత వచ్చిన పియేర్ పువావ్రు చేసినది ఇంకా చిత్రమైన పని. డచ్చి వాళ్లు ప్రాణంలా కాపాడుకునే జాజికాయ, లవంగం మొక్కల్ని తూర్పు దీవుల నుంచి దొంగచాటుగా తెప్పించి 1770లో పాంప్లెమూస్ తోటలో నాటించాడు. రాజధానికి ఉత్తరాన ఉన్న ఈ 37 హెక్టార్ల తోటలో అందరూ ఎగబడేది అమెజాన్ కలువల కొలను దగ్గర. మీటరున్నర వెడల్పున, అంచులు పైకి మడిచిన పళ్లేల్లా ఆకులు. పువ్వు ఆయుష్షు రెండు రోజులు, మొదటి రోజు తెలుపు, రెండో రోజు గులాబీ. తెలుగువాళ్లు ఇంకో చెట్టు దగ్గర ఆగాలి. అది శ్రీతాళం. మన తాళపత్ర గ్రంథాల్లో మేలురకం ఆకు దీనిదే. ఈ చెట్టు 30 నుంచి 80 ఏళ్ల మధ్య ఎప్పుడో ఒకే ఒక్కసారి లక్షల పూలతో పూసి, కాయ పండాక చచ్చిపోతుంది. పూసినప్పుడు మీరు అక్కడ ఉంటే అది మీ జాతకబలం. స్వతంత్ర మారిషస్ తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ అంత్యక్రియలు 1985లో ఈ తోటలోనే జరిగాయి. ఇప్పుడు తోటకు ఆయన పేరే.

1810 ఆగస్టులో ఆగ్నేయాన గ్రాన్ పోర్ట్ అఖాతంలో ఫ్రెంచి నౌకాదళం ఇంగ్లీషు ఫ్రిగేట్లు నాలుగింటిని మట్టి కరిపించింది. నెపోలియన్ విజయాలు చెక్కిన పారిస్ ఆర్క్ ద త్రియోంఫ్ మీద కనిపించే నౌకాయుద్ధం ఇదొక్కటే. గాయపడిన ఇద్దరు సేనానులకూ ఒకే ఇంట్లో వైద్యం చేశారు. మాయెబూర్ ఊళ్లో ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ సంబరం మూడు నెలలే. నవంబరు 29న ఉత్తర కొసన కాప్ మాలెరో దగ్గర ఇంగ్లీషు సేన దిగింది. అందులో మద్రాసు సిపాయిలూ ఉన్నారు. నాలుగు రోజుల్లో ద్వీపం చేతులు మారింది. ఎర్ర పైకప్పు చర్చి ముందు సెల్ఫీలు దిగే ఒడ్డు అదే.

రాజధానిలో నీడకు వెళ్లాలనుకుంటే బ్లూ పెన్నీ మ్యూజియం ఉంది. దాని ప్రాణమంతా రెండు కాగితపు ముక్కల్లో ఉంది. 1847లో ఇక్కడ అచ్చైన ఒక పెన్నీ, రెండు పెన్నీల తపాలా బిళ్లలవి. ఒక్కోటి 500 చొప్పున వేస్తే లోకమంతటా ఇప్పుడు మిగిలినవి 27. అందులో రెండింటిని ఇక్కడి కంపెనీలు చందాలు వేసుకుని 1993లో సుమారు 20 లక్షల డాలర్లకు కొని తెచ్చాయి. వెలుగు తగిలితే రంగు పోతుందని చీకటి గదిలో ఉంచి విడతకు పది నిమిషాలే దీపం వేస్తారు. మిగతా వేళ నకళ్లే చూపిస్తారు. ముందే సమయం అడిగి వెళ్లడం మంచిది.

ఇక ఈ దేశంలో రెండు ప్రపంచ వారసత్వ స్థలాలున్నాయన్నాను. ఒకటి కొండ, ఒకటి మెట్లు.

కొండ పేరు లె మోర్న్. నైరుతి మూల సముద్రంలోకి దూకబోతున్నట్టుండే 556 మీటర్ల నిట్రాయి. ఫ్రెంచి కాలంలోనూ, ఇంగ్లీషు కాలపు తొలినాళ్లలోనూ తోటల నుంచి పారిపోయిన ఆఫ్రికా, మడగాస్కర్ బానిసలు దీని గుహల్లో దాక్కుని బతికారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి సిపాయిలు కొండెక్కుతుంటే పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు అంచు నుంచి దూకేశారని చెప్పుకుంటారు. కాగితం మీద దీనికి రుజువు లేదు, జనం నోట మాత్రం చెరగలేదు. కాగితం మీద ఉన్న లెక్క ఇది: 60 వేలకు పైగా బానిసలకు విముక్తి, వాళ్ల యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం. విముక్తులకు దక్కినది సున్నా. కొండ పాదం దగ్గర స్మారక శిలలున్నాయి. మలుపు తిరిగితే ఖరీదైన రిసార్టులు.

బానిసలు పోతే చెరకు నరికేదెవరు? మెట్లు ఆ ప్రశ్నకు జవాబు. పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ అనే చోట నల్లరాతి మెట్లు 16 ఉన్నాయి. రక్షిత స్థలం మొత్తం 1,640 చదరపు మీటర్లు, మన లెక్కలో అరెకరం కంటే కొంచెం తక్కువ. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మందిని దించడంతో మొదలై 1920 దాకా ఇండియా నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలు ఈ రేవుకు వచ్చారు. 1849లో ఇక్కడ డిపో కట్టాక వాళ్లంతా ఈ మెట్లే ఎక్కారు. ఒప్పందం అయిదేళ్లు. మగవాడి జీతం నెలకు 5 రూపాయలు, పైన బియ్యం, పప్పు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. చేలల్లో నేను ముందు చెప్పిన నల్లరాళ్ల గుట్టలు ఈ చేతులు పేర్చినవే. 1850లలో ప్రపంచపు చెరకు చక్కెరలో 9 శాతం పైగా ఈ చిన్న దీవి తీసిందంటే ఆ గుట్టల అర్థం తెలుస్తుంది. ఇప్పుడు జనాభాలో మూడింట రెండు వంతులు వాళ్ల సంతతి.

ఆ నాలుగున్నర లక్షల్లో దాదాపు మూడో వంతు మద్రాసు ప్రెసిడెన్సీవాళ్లు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన తెలుగువాళ్లను ఇక్కడ ‘కొరంగి’లు అనేవారు. కాకినాడ పక్కన గోదావరి పాయ మీదున్న కోరంగి రేవు పేరే మనుషుల పేరైంది. 1839 తుపానులో ఆ రేవు ఊడ్చుకుపోయింది. అయినా సముద్రానికి అటువైపు పేరు బతికింది. ఇవాళ మారిషస్‌లో ఉగాది దేశమంతటికీ సెలవు. తెలుగు కుటుంబాలు అమ్మోరు పండుగ చేసుకుంటాయి, సింహాద్రి అప్పన్నను కొలుస్తాయి, రామభజనలు పాడుకుంటాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఇక్కడే.

డిపోలో దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. పేరు దొర చెవికి తోచినట్టు రాసుకునేవాడు, నంబరు మాత్రం పొరపడేది కాదు. ఆ రిజిస్టర్లు మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ఫ్రెంచిలో రాసే మారిషస్ నవలాకారిణి నతాషా అప్పన్న 2023లో తన పూర్వీకుల మీద ఒక పుస్తకం రాశారు. 1872లో తెలుగునేల నుంచి వచ్చి పోర్ట్ లూయీలో దిగిన ఆ కుటుంబానికి పడిన నంబర్లు మూడు లక్షల యాభై ఎనిమిది వేల వరుసలోవి. ఇప్పటి మనవలు, మునిమనవలు తాతల కాగితం ముక్క పట్టుకుని వస్తే ఆ నంబరు మీద పేజీ తీస్తారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, జిల్లా, ఊరు. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో నలిగిపోయి ఉంటుంది. బొబ్బిలి దగ్గరిదో, టెక్కలి దగ్గరిదో నోట్లో రెండు మూడు సార్లు తిప్పి పలికితే గాని పట్టుబడదు. ఆ పని మన ఉత్తరాంధ్ర మనిషి చెవి చేసినంత తేలిగ్గా ఇంకెవరి చెవీ చేయలేదు.

ఘాట్ చూడటానికి టికెట్ లేదు. పక్కనే ఇమిగ్రేషన్ స్క్వేర్ అనే కూడలి. ఎదుట, డిపో నేల మీదుగానే వేసిన హైవే మీద, విమానాశ్రయం వైపు కార్లు పోతూ ఉంటాయి.